నడవని పిల్లకి నీళ్లు

2003 ఏప్రిల్‌లో నన్ను తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకి బదిలీ చేశారు, ఒక ఆసుపత్రిలో పిల్లల వార్డుకి హెడ్ నర్సుగా. హెడ్ నర్సంటే అందరినీ కసిరే మనిషని బయట ఒక పేరుంది. కసరడం నిజమే. దాంతోపాటు ముప్ఫై మంచాలు, నలుగురు స్టాఫ్ నర్సులు, మందుల బీరువా తాళాలు, అడ్మిషన్ రిజిస్టరు నా పూచీ. రిజిస్టరులో పేరెక్కితే రోగి. ఎక్కకపోతే రోగి తాలూకు మనిషి. రోగికి మంచం, కేసు షీటు. తాలూకు మనిషికి వరండాలో బల్ల. రోజుకి పాతికమంది వచ్చే చోట ఈ తేడా లేకపోతే వార్డు నడవదని నేను వాదించేదాన్ని.

మే నెలలో ఒకరోజు ఒంటిగంట దాటాక ఆటోలో ఒక కుటుంబం వచ్చింది. తండ్రి ప్రసాదరావు, ఉంగుటూరు దగ్గర ప్రైవేటు స్కూల్లో మాస్టారు. చేతుల్లో ఏడేళ్ల గ్రేసు, మనుషుల్ని గుర్తుపట్టని స్థితిలో ఉంది. వెనకే తల్లి మార్తమ్మ, భుజంమీద రెండున్నరేళ్ల చిన్నకూతురు దీవెన, నిద్రలో.

గ్రేసుకి నూట ఐదు జ్వరం, చెమట చుక్క లేదు. వడదెబ్బ. బట్టలు తీసి, తడిగుడ్డలు చుట్టి, ఫ్యాను కింద పెట్టాం. డాక్టరుగారు వచ్చి సెలైను పెట్టించి, ఓపీలో ఇంకా జనం ఉన్నారని వెళ్లారు. జబ్బు ఎలా మొదలైందో ఇంటివాళ్లని అడిగి రాసేదాన్ని హిస్టరీ అంటాం. అది డాక్టరు రాయాలి. ఆయనకి తీరిక లేకపోతే ముందుగా మేం అడిగి పెడతాం. ఆరోజు నేను అడిగాను. అడిగానంటే మర్యాదగా ఉంటుంది, నిజానికి నిలదీశాను.

జరిగింది ఇదీ. సెలవుల్లో చర్చిలో పిల్లలకి బైబిలు తరగతులు పెట్టారు. ఎడారిలో నడిచిన జనం కథ విని, ఎడారంటే ఎలా ఉంటుంది నాన్నా అని గ్రేసు పట్టుకుంది. వేసవిలో కొల్లేరు చాలామేర ఎండిపోయి, నల్లమట్టి బీటలు వారి, కనుచూపు మేర నీడ ఉండదు. ఇదే మన ఎడారి, దీన్ని దాటి పెద్దమ్మ వాళ్ల ఊరు వెళ్దామన్నాడు తండ్రి. ఎనిమిదింటికి బయల్దేరారు. గంటన్నర నడక అనుకున్నారు. మధ్యలో మోకాలిలోతు బురద అడ్డొచ్చింది. చుట్టూ తిరిగేసరికి దారి తప్పారు. చేపల చెరువుల గట్లన్నీ ఒకలాగే ఉంటాయి. రోడ్డెక్కేసరికి పన్నెండు.

"ఎడారి చూపించడానికి కొల్లేరు తీసుకెళ్లారా మాస్టారూ? ఇంకా నయం, బైబిల్లోలాగా సముద్రం చీల్చలేదు" అన్నాను. కుమారి అని కొత్తగా చేరిన నర్సు నవ్వాపుకోలేకపోయింది. నవ్వేసరికి నాకు ఇంకా ఊపొచ్చింది.

"పిల్ల ముచ్చట పడిందండీ..." అన్నాడాయన.

"పిల్లకి ఏడేళ్లు. మీకెన్నేళ్లు?"

అప్పుడు మార్తమ్మ అంది: "సిస్టరుగారండీ, చిన్నది కూడానండీ పొద్దుట్నుంచీ..."

"చిన్నదాని సంగతి తర్వాత. ముందు నేనడిగినదానికి చెప్పండి. నీళ్లెన్ని పట్టుకెళ్లారు?"

రెండు సీసాలట. ఆ రెండు సీసాల మీద ఇంకో పది నిమిషాలు దండకం చదివాను. ఆవిడ మళ్లీ నోరు తెరిచి, "అది కాదండీ, చిన్నదండీ" అంది. పసిపిల్లని వార్డులో తిప్పొద్దు, వరండాలో కూర్చోండి అన్నాను. వాదించడానికి కొందరికి గొంతుండదు. "అలాగేనండీ" అని వెళ్లి కూర్చుంది.

నలభై నిమిషాల తర్వాత కుమారి జాలిపడి, గ్లాసులో ఓఆర్ఎస్ కలిపి చిన్నదానికి పట్టబోయింది. నీళ్లు పెదవి పక్కనుంచి కారిపోయాయి. కుమారి నన్ను పిలిచిన గొంతు ఇప్పటికీ గుర్తుంది. కళ్లు లోపలికి పోయాయి. పొట్టమీద చర్మం చిటికెతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి. అది మడతపడి అలాగే నిలిచింది. అది నిద్ర కాదు.

మార్తమ్మ అప్పుడు చెప్పింది, పొద్దున ఇంట్లో పోసింది తప్ప పిల్ల మళ్లీ ఒంటేలుకి పోలేదని. రెండుసార్లు చెప్పబోయింది అదే. నీళ్లు తక్కువని నడిచేవాళ్లకే గుక్కెడేసి పంచుకున్నారట. "అది నాన్న భుజాలమీదే ఉందండీ, నడవలేదు కదా అనుకున్నామండీ. నిద్రపోతోంది కదా అని లేపలేదండీ." నాలుగు గంటలు, నెత్తిన ఎండలో, అందరికంటే ఎత్తున కూర్చుంది.

నరం దొరకలేదు. ఒంట్లో నీరు అంతగా తగ్గితే నరాలు అణిగిపోతాయి. డాక్టరుగారు చీలమండ దగ్గర కోసి నరం పట్టి సెలైను ఎక్కించారు. సాయంత్రం ఆరుంబావుకి దీవెన పోయింది. ఆ పాప పేరు రిజిస్టరులో అప్పటికి నాలుగు గంటల ముందే ఎక్కింది.

నలభై నిమిషాల ముందు చూసుంటే, అని అడిగాను. "చెప్పలేమమ్మా" అన్నారు డాక్టరుగారు. చెప్పలేమంటే బతికేదేమో అనే కదండీ అన్నాను. అవునన్నారు. ఉద్యోగంలో నేను ఓడిపోవాలనుకున్న వాదన అదొక్కటే.

నాలుగోరోజు గ్రేసు నడిచి ఇంటికెళ్లింది. డిశ్చార్జి చీటీ తీసుకుంటూ మార్తమ్మ, "మీరు కసిరారని కాదండీ, నేనే గట్టిగా చెప్పాల్సిందండీ" అంది. దెప్పినా బాగుండేది. ఆవిడ నిజంగానే తప్పు తనదనుకుంటోంది. కాదు, నాది అనాలి. అనలేదు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను.

నడవనిదానికి దాహమెందుకని వాళ్లనుకున్నారు. పేరెక్కనిది రోగి కాదని నేననుకున్నాను. వాళ్లు చదువుకున్నది వేరు, నేను చదివింది బీఎస్సీ నర్సింగు.

మర్నాటినుంచి మా వార్డు కేసు షీట్లలో పైన స్కేలుతో ఒక గీత గీయించాను. దాని పైన మూడు మాటలు: వెంట ఎవరెవరు వచ్చారు, ఒక్కొక్కరూ ఎప్పుడు తాగారు, ఎప్పుడు పోశారు. అచ్చు ఫారంలో ఆ గడి లేదని పైనుంచి రెండుసార్లు అభ్యంతరం పెట్టారు. స్వచ్ఛందంగా రిటైరయ్యే రోజుదాకా గీస్తూనే ఉన్నాను. కసరడం మానలేదు. కాకపోతే ఆ గీత పైన నిండాకే మొదలుపెట్టేదాన్ని.