ఆరో నంబరులో సాలమ్మ

మేడ్చల్‌లో పిండిగిర్ని మీది గదిలో జనార్ధన్ ఛానల్ పెట్టినప్పుడు దానికి పేరే లేదు. కేబుల్‌లో ఆరో నంబరు నొక్కితే వచ్చేది కాబట్టి జనానికి అది ఆరో నంబరే. పొద్దున భక్తి పాటలు, మధ్యాహ్నం సినిమా, కింద పుట్టినరోజు శుభాకాంక్షల స్క్రోలింగ్. పెళ్లి వీడియోలు తీసే ప్రతాప్ కెమెరాతో వచ్చి చేరాక కీసర జాతర, గ్రామసభలు, కబడ్డీ పోటీలు కూడా రావడం మొదలైంది. తెర మీద తమ ముఖం చూసుకోవాలని ఊళ్లకు ఊళ్లే ఎదురుచూసేవి.

సెట్‌టాప్ బాక్సులు వచ్చాక ఆ సందడి తగ్గింది. వందల ఛానళ్ల మధ్య ఆరో నంబరు ఎక్కడుందో వెతికేవాళ్లు లేరు. ఇక మూసేద్దామని జనార్ధన్ అనుకుంటున్న ఏడాది మూడు రోజులు ఎడతెరిపి లేని వాన పడింది. మూడో రోజు పొద్దున శామీర్‌పేట చెరువు నిండి, అలుగు మీదుగా మత్తడి దుంకింది!

ఎన్నో ఏళ్ల తర్వాత చూసిన దృశ్యం. ఫోన్‌తోనే లైవ్ ఇవ్వొచ్చని ప్రతాప్ కట్ట మీదికి పరుగెత్తాడు. వార్తలు చదివే అమ్మాయి మాత్రం కొంపల్లి దగ్గర నీళ్లలో చిక్కుకుపోయింది. మైకు పట్టుకునే మనిషి లేదు. పక్కనే గొంగడి కప్పుకుని నీళ్లు చూస్తున్న సాలమ్మ కనిపించింది. మొగుడు కుర్మయ్య పట్టిన చేపల్ని ఇరవై ఏళ్లుగా ఆ కట్ట కిందే అమ్ముతున్న మనిషి. ఆమె కేక వేస్తే అవతలి ఒడ్డున వల వేసే కుర్మయ్యకు వినబడేది.

"అక్కా, జర రెండు ముచ్చట్లు మాట్లాడవా?"

"నేనా? టీవీలనా? నాకేమొస్తది తమ్మీ!"

"నీ కండ్లకు కనవడేదే చెప్పు, సాలు."

సాలమ్మ మైకు అందుకుంది. మొదట దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత మాట ఒక్కసారిగా ఉరికింది. "సూడుండ్రి, మత్తడి ఎట్ల దుంకుతాందో! నేను కాపురానికి వచ్చిన ఏడాది దుంకింది, మల్ల గిప్పుడే సూస్తున్న!" ప్రతాప్ నవ్వుతూ ఫోన్‌ను నీళ్ల వైపు తిప్పాడు. అంతలోనే ఆమె మత్తడి వైపు వంగి చూసింది.

తెల్లగా దూకుతున్న నీళ్లు మట్టితో ఎర్రబడుతున్నాయి. కొమ్మలు, గడ్డి మోపులు కొట్టుకొస్తున్నాయి.

"తమ్మీ, పైన ఏదో కుంట తెగింది! గీ నీళ్లు గంటల్నే కింది బాట కల్వర్టు మీదికొస్తయి!" అంటూ ఫోన్ వైపు తిరిగింది. "కింది బాటల ఎవ్వలు పోవద్దు! బండ్లు ఆపుండ్రి! జల్దీ ఎనకకు మలుపుండ్రి!"

కల్వర్టుకు ఇవతల చాయ్ హోటల్ టీవీలో ఆరో నంబరే నడుస్తోంది. బడిపిల్లల ఆటోను బయట ఆపి చాయ్ తాగుతున్న మహేష్ ఆ కేక విన్నాడు. గ్లాసు అక్కడే వదిలేసి ఆటో వెనక్కి తిప్పాడు. పక్కనున్న రెండు ట్రాలీలు కూడా తిరిగాయి. అరగంటకే కల్వర్టు నీళ్లలో మునిగిపోయింది.

సాయంత్రం మహేష్ వెతుక్కుంటూ వచ్చాడు. "అక్కా, నా ఆటోల తొమ్మండుగురు పిల్లలుండిరి," అన్నాడు. ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. పొద్దంతా అరిచి గొంతు పోయిన సాలమ్మ అప్పుడు ఏడ్చింది.

మర్నాడు జనార్ధన్ స్వయంగా చేపల గంప దగ్గరికి వచ్చాడు. "సాలమ్మా, వారానికి అర్ధగంట నీదే. ఏం చెప్తవో నీ ఇష్టం."

స్టూడియోలో కుర్చీ వేసి లైట్లు పెడితే ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని లేచి నిలబడింది. "నాకు గీ కుర్సీ వద్దు పటేలా, నా గంప కాడికే రాండ్రి," అంది జనార్ధన్‌తో. అట్లా కట్ట కిందే మొదలైంది ఆదివారం కార్యక్రమం. ఏ చేప ఏ నెలలో రుచి, మబ్బు ఎటు పడితే వాన, ఏ కాలువ పూడిపోయింది, అన్నీ చెప్పేది. కాలువ మీద ప్లాట్లు చేసిన వాళ్లను పేరు పెట్టి అడిగింది. వాళ్లలో జనార్ధన్ మేనమామ కూడా ఉన్నాడు. అయినా ఆ ముక్క కోయొద్దని జనార్ధనే ప్రతాప్‌కు చెప్పాడు.

ఇప్పుడా కార్యక్రమం లైవ్‌లో వస్తోంది, ఫోన్లలోనూ చూస్తున్నారు. మొన్న ఆదివారం కొంపల్లి అపార్ట్‌మెంట్ నుంచి ఇషిత అనే అమ్మాయి లైవ్‌లో ఫోన్ చేసి, కొర్రమీనును పట్టుకోవాలంటేనే భయమేస్తోంది, ఎలా శుభ్రం చేయాలని అడిగింది. సాలమ్మ కొంగు బిగించి, బతికున్న చేపను ఎత్తి పట్టుకుంది. "బుగులు వడకు బిడ్డా, నేను జెప్పినట్టు పట్టు!" అనేసరికి చుట్టూ మూగిన జనం ఈలలు వేశారు.