వరద పాశం, ఎండ పరీక్ష

నా థీసిస్‌కు తుప్పు పట్టిందంటే ఎవరూ జాలిపడనక్కర్లేదు. అది తుప్పు మీద రాసిన థీసిస్. కరెంటును పారనిచ్చే గాజుపలక మీద ఇనుప తుప్పును సన్నటి పొరగా పూసి, కాస్టిక్ సోడా కలిపిన నీళ్లలో ముంచి ఎండలో పెడితే, ఆ పొర వెలుగును తాగి నీటిని చీలుస్తుంది. ఎదురుగా ఉన్న తీగ మీద హైడ్రోజన్ బుడగలై పైకొస్తుంది. తుప్పు కూడా ఒక అర్ధవాహకమే. పేరుకు తగ్గట్టు సగం పనే చేస్తుంది, మిగతా సగానికి చిన్న బ్యాటరీ ఊతం కావాలి. ఆ బ్యాటరీ ఒక్కటే ఏమీ చీల్చలేదు, ఎండ తోడుండాల్సిందే. హిందూపురం కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఏళ్ల తరబడి నేను చేసింది ఇదే. నీ పరిశోధన అంతా నీటిబుడగ అని ఎవరైనా అంటే కాదనడానికి నా దగ్గర ఆధారాల్లేవు.

ధర్మవరంలో మగ్గం నేసే మా చిన్నమ్మ, నేను డాక్టరమ్మనైన రోజు కట్టుకోవడానికని పట్టుచీర నేసి బీరువాలో పెట్టింది. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

"ఏమ్మే, నీ నీళ్లు కాగినాయా లేదా?"

"కాగడం కాదు చిన్నమ్మా, చీలడం."

"ఏదో ఒకటి కానీ మే. నీ నీళ్లకంటే ముందు ఈడ చీర మడతల కాడ చీలేట్టుండాది."

మిగిలింది మా గైడు సారు సంతకమే. ల్యాబ్‌లో దీపం కింద బుడగలను ఆయన చూశారు. "దీపం కింద సరేనమ్మా, నిజం ఎండలో చూపించు. అప్పుడు సంతకం పెడతాను" అన్నారు. పెనుకొండ పక్క పల్లెలో పుట్టినదాన్ని పట్టుకుని ఎండ చూపించమంటే నవ్వొచ్చింది. "మా ఊరికే రండి సార్, మాకు ఏమున్నా లేకున్నా ఎండ మాత్రం ఉంటుంది" అని గొప్పగా పిలిచాను.

ఆయన వచ్చే ముందురోజు సాయంత్రం గాజుపలకలూ సీసాలూ సర్దుకుని ఊరు చేరేసరికి, నాయన వాకిట్లోనే పట్టుకున్నాడు.

"సమయానికొచ్చినావు పాపా. పద, వరద పాశముండాది."

వానలు మొహం చాటేసిన ఏడాది మా ఊళ్లో బియ్యం, బెల్లం వేసి పాశం వండుతారు. దాన్ని ఊరి బయట కడిగిన బండ మీద పోస్తారు. చేతులు వెనక్కి పెట్టుకుని, వంగి, నాలుకతోనే నాకాలి. అప్పుడు వాన దేవుడికి జాలి పుడుతుందట.

"నాకు ఎండ కావాల నాయనా" అన్నాను.

"నాకు, నాకు. ముందు నాకు. ఎండ కావాలనేది ఈ పక్కల నువ్వొక్కదానివే. విత్తనం మూటలు నడింట్లో పెట్టుకోని మేమంతా మోడాల దిక్కు చూస్తాండాం."

వంగాను. ఏ పనైనా మొక్కుబడిగా చేయడం నాకు చేతకాదు, తిండి విషయంలో మరీను. బెల్లం నాలుకకు తగిలాక సైన్సు గుర్తు రాలేదు. "సదువుకున్న పాప ఎంత బక్తిగా నాకుతాండాదో సూడండి" అని పక్కనున్న ఆడవాళ్లు మెచ్చుకున్నారు.

తెల్లారేసరికి వాన. తుంపర కాదు, చూరు నుంచి ధార కట్టిన వాన. ఊరంతా వీధిలోనే ఉంది. నాయన తువ్వాలు దండెం మీదే వదిలేసి వాకిట్లో నిలబడి తడుస్తున్నాడు. "నువ్వు నాకినేది తగిలింది పాపా!" అని అరిచాడు. ఆశలు నీరుగారడమంటే ఏమిటో చూరు కింద నిలబడి అర్థం చేసుకున్నాను. అయినా నాయన మొహం చూస్తే ఏడుపు రాలేదు.

గైడు సారు గొడుగుతో, మోకాళ్ల దాకా ఎర్రమట్టితో దిగారు. "మీ ఊరి ఎండ భలే ఉందమ్మా" అన్నారు.

"మీ కాలు మంచిది సారూ" అని నాయన ఆయనకు మంచం వాల్చి, నేను బండ మీద పాశం నాకిన సంగతంతా చెప్పాడు.

మధ్యాహ్నానికి వాన వెలిసింది. దుమ్మంతా కడుక్కుపోయి పెనుకొండ కొండ చేతికందేట్టు కనిపించింది. అంత కడిగిన ఎండ ఆ ఏడాది నేను చూడలేదు. మిద్దె మీదికి ఉరికి పలక ముంచి, తీగలు కలిపాను. బుడగలు మొదలయ్యాయి.

"ఇంతేనా?" అన్నాడు నాయన. "గోలీసోడాలో ఇంకా ఎక్కువొస్తాయి కదా పాపా."

గైడు సారు నవ్వలేదు. "ఇది ఎండ పనో బ్యాటరీ పనో ఎట్లా తెలుస్తుంది?" అని అడిగారు.

ఎండకు అడ్డం పెట్టి చూపిద్దామని తెచ్చుకున్న అట్టముక్క వానకు నాని ముద్దయిపోయింది. దానికోసం దిక్కులు చూస్తుండగా మిద్దె మీద నీడ పడింది.

"మోడమొచ్చింది పాపా! అయ్యో, నీ బుడగలు నిలిచిపోయినాయే!" నాయన కంగారుపడ్డాడు.

సారు చెయ్యెత్తి మా ఇద్దరినీ ఆపారు. మోడం జరిగింది. బుడగలు లేచాయి. ఇంకో మోడం వచ్చింది, ఆగాయి. నాయన ఆకాశాన్నీ సీసానూ మార్చి మార్చి చూస్తూ, "ఇగో వస్తాండాయి... నిలిచినాయి... మళ్లా వస్తాండాయి చూడు సారూ!" అని క్రికెట్ కామెంటరీ మొదలుపెట్టాడు.

"ల్యాబ్‌లో వెలుగు ఆపి వదలడానికి మేం మిషన్ పెట్టుకున్నాం. మీకు పైనుంచే నడుస్తోంది" అంటూ సారు కలం తీశారు.

ఆయన సంతకం పెడుతుండగానే మళ్లీ చినుకులు. తనకోసం ముట్టుకోని తువ్వాలును నాయన కిందికి ఉరికి తెచ్చి, నా కాగితాలకు గొడుగులా పట్టాడు.

"పాశం రొంత మిగిలుండాది సారూ, తింటారా?"

సారు జంకుతూ అడిగారు, "బండ మీదా?"

"గిన్నెలోనే లెండి. వానొచ్చేసె కదా!"