అక్రం చూసిన మార్సెయ్

ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే ఇంట్లో పుట్టి, ఇక జన్మలో గరిటె ముఖం చూడనని ఊరు వదిలినవాడు మా అక్రం. వాళ్లమ్మ కరీంబీ పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం నమాజు దాకా ఆకురాయి చప్పుడు ఆగదు. ఆ చప్పుడు భరించలేకే నెల్లూరులో హోటల్ కోర్సు చదివి, విహారయాత్రల ఓడలో వంటవాడిగా చేరాడు. అక్కడ మొదటిరోజు వాడి చేతికిచ్చింది గరిటే అనుకోండి, అది వేరే సంగతి.

నిరుడు మే నెలలో వాళ్ల ఓడ ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో ఒక్కపూట ఆగింది. మూడు నెలలుగా నేల మీద కాలు పెట్టని అక్రంకి నాలుగు గంటలు సెలవు దొరికింది. వీడియో కాల్‌లో ఫ్రాన్సు చూపిస్తానని భార్య షాహిస్తాకి వారం ముందే మాటిచ్చాడు. ఆత్మకూరులో పుట్టింట్లో ఉన్న ఆ పిల్ల చెల్లెళ్లను, పక్కింటి చెంచులక్ష్మిని పిలిచి ఫోన్ ముందు కూర్చోబెట్టింది.

అక్రం ఊళ్లోకి బస్సులో వచ్చి, కొండ మీది చర్చి చూద్దామని నడక మొదలుపెట్టాడు. పది నిమిషాలైనా నడవలేదు, ఒక సందులో చిన్న అంగడి. గుమ్మానికి వేలాడుతూ కొయ్య గరిటెలు! తల తిప్పుకుని పోవాల్సినవాడు లోపలికి పోయాడు. ఒకటి తీసి, వేలితో గుంట తడిమి, మొహం చిట్లించాడు.

అంగడాయన యూసుఫ్, ట్యునీసియా నుంచి వచ్చి స్థిరపడ్డ ముసలాయన. "ఏం, నచ్చలేదా?" అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో.

"కర్ర బంగారం. గుంటే మందంగా ఉంది. మా అమ్మ చూస్తే పొయ్యిలో పెడుతుంది," అన్నాడు వీడు, అంతకన్నా రాని ఇంగ్లీషులో.

ముసలాయనకు కోపం రాలేదు. ఆలివ్ చెక్క, కత్తి, ఆకురాయి బల్ల మీద పెట్టి, "అయితే నువ్వే చెయ్యి," అన్నాడు. అక్రం కూర్చున్నాడు. గంటన్నర తర్వాత షాహిస్తా ఫోన్ చేసింది.

"ఏందది? ఫ్రాన్స్ యాడ?"

"ఇదే. ఉండు, కాడ పని అయిపోవస్తా ఉండాది."

"గరిటెలు చూడాలంటే నాకు ఉదయగిరి బస్సు చాలదా? సముద్రమన్నా చూపించు!"

"సముద్రం నేను రోజూ చూస్తానే ఉండా."

షాహిస్తా టక్కున ఫోన్ పెట్టేసింది. కాడ మీద చెక్కిన చేప బాగా కుదిరిందని చెంచులక్ష్మి మాత్రం మెచ్చుకుందట.

ఆ చేపకు పొలుసులు పూర్తిచేసి తలెత్తేసరికి, ఓడెక్కడానికి ఇరవై నిమిషాలే ఉన్నాయి. యూసుఫ్ అంగడికి తాళం వేసి, వీణ్ణి స్కూటరు మీద రేవులో దించాడు. అలా పోతూ చూసిందే అక్రం చూసిన మార్సెయ్: ముసలాయన వీపు, రెండు సిగ్నళ్లు, కొంచెం ఆకాశం. గరిటెను అంగట్లోనే వదిలాడు. యూసుఫ్ దాన్ని అద్దాల బీరువాలో పెట్టి ఫోటో పంపాడు.

అక్రం సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు కరీంబీ ఆ ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూసింది. "నేను నేర్పిస్తే పారిపోయినాడు. ఫ్రాన్సుకి పోయి చెక్కినాడు," అని నాతో అంది. తిట్టిందో మెచ్చుకుందో వాడికిప్పటికీ తెలీదు. ఆ మర్నాటి నుంచి వారం కూర్చుని, యూసుఫ్ కోసం ఆరు గరిటెలు చెక్కి, పాత చీరముక్కలో చుట్టి వాడి పెట్టెలో సర్దింది.

వాడి కొత్త ఓడ పోయేది అలాస్కాకి.

"మీ అమ్మకి చెప్పినావా?" అని బస్టాండులో అడిగాను.

"నువ్వు చెప్పురా, పుణ్యముంటాది," అని నెల్లూరు బస్సెక్కేశాడు.