ఖాళీగా వదిలిన గడి

ఆరేళ్ల బరువిది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఉద్యోగమంతా సర్వేలు చేసినవాణ్ణి. రిటైరయ్యాక ఒక సంస్థ నాకు చిన్న పని అప్పగించింది. ఊళ్లో పండిన కూరగాయలనే బడి మధ్యాహ్న భోజనానికి కొనే పథకం కొన్ని ఊళ్లలో మొదలైంది. అది పిల్లలకు పనికొస్తోందో లేదో చూడాలి. ఒక్కో బడికి ఒక్కో రోజు. పిల్లలు తిన్నాక పళ్లేల్లో మిగిలినదంతా బకెట్‌లోకి ఎత్తి తూచాలి. ఎంత మిగిలితే పథకానికి అంత చెడ్డపేరు.

అచ్చంపేట దగ్గర ఒక ఊరి బడిలో వంట చేసే ఆమెను బాలమ్మ అనుకోండి. అసలు పేరు రాసే హక్కు నాకు లేదు. భర్త లేడు. బడి కొంటుందన్న ధైర్యంతోనే బోరు కింది చెలకలో చిక్కుడు పందిళ్లు వేసింది. వాటి మీదే ఇల్లు నడుస్తోంది.

నేను వెళ్లిన రోజు బకెట్ నిండింది. పిల్లలు కూర ముట్టలేదు. బాలమ్మ గరిట పట్టుకునే నా ముందుకొచ్చింది.

“నిన్న ఊరంత పోచమ్మ పండుగ చేసుకున్నం సారూ. పొద్దుగాల్నే పోరగాండ్లంత యాటకూర తిని వచ్చిన్రు. ఇగ చిక్కుడుకాయ దిక్కు చూస్తరా? రేపు రాండ్రి. మీ తక్కెడకు పనే ఉండదు.”

“రేపు కొల్లాపూర్ దిక్కు పోయేదుందమ్మా.”

“గట్లయితే గీ ముచ్చటన్న రాసుకోండ్రి.”

“రాస్తలే” అన్నాను.

రాయలేదు. ఫారం చివర ‘ప్రత్యేక పరిస్థితులు’ అని ఒక గడి ఉంటుంది. అందులో పండుగ అని రాస్తే ఆ బడికి మళ్లీ వెళ్లాలి, అది నియమం. మళ్లీ వెళ్తే, ఏ రోజు ఏ బడికో నేను గీసుకున్న పట్టిక మొత్తం వెనక్కి జరుగుతుంది. నా పట్టిక ఎన్నడూ తప్పలేదని నాకు గర్వం. తను అమ్ముకునే కూర కాబట్టి అలాగే చెబుతుంది, ఆమె మాట సాక్ష్యం కిందికి రాదు, అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. కానీ పిల్లల నుదుళ్ల మీద పసుపు బొట్లు ఇంకా చెరగలేదు. నేను చూడలేదా? చూశాను. లాడ్జికి చేరగానే డైరీలో రాసుకున్నాను కూడా. డైరీలో నిజం రాసుకుని, ఫారంలో గడి ఖాళీగా వదిలినవాణ్ణి ఏమనాలి? తెలియక చేశాడనడానికి లేదు.

‘పిల్లలు ఊరి కూరలను ఇష్టపడటం లేదు.’ నివేదికలో ఆ వాక్యం నాదే. ఆ ఊరిని పథకంలోంచి తీసేశారు. కూరగాయలు మళ్లీ పట్నం నుంచి ఆటోలో రాసాగాయి.

రెండేళ్ల తర్వాత, దసరా సెలవుల్లో, అచ్చంపేట బస్టాండులో బాలమ్మ కనిపించింది. పత్తి ఏరే కూలికి నలుగురు ఆడవాళ్లతో కలిసి వెళ్తోంది. తనే నన్ను గుర్తుపట్టింది.

“ఏం సారూ, గింత బక్కగైనరు? ఇంట్ల బువ్వ పెడ్తలేరా?” అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, “పందిళ్లు పీకేసిన. బడి కొనకపోతే గన్ని కాయలు నేనేం జేసుకోను? మీరైతే మంచిగనే రాసిండ్రని నాకెర్కే. మీ మీదోళ్లే ఆపిండ్రు గద?” అంది.

“అవునమ్మా” అన్నాను.

ఫారం సంగతికి గర్వమనో బద్ధకమనో ఏదో ఒక పేరు పెట్టుకోవచ్చు. ఈ మాటకు ఏ పేరు పెట్టను? ఆమె తిడితే పడేవాణ్ణే. తిట్టకుండా ఊరుకుంటే ఎలా నిలబడేది? అదే నా భయమేమో. ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

ఆమె ఊరికి బస్సుంది. నేను వెళ్లలేదు. వెళ్తానని మీకు మాటివ్వను, ఇచ్చిన మాట ఏం చేస్తానో చూశారు కదా. ఇది రాస్తుంటే నాకు కాస్త ఊపిరి ఆడుతోంది. ఆమెకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

పైవాళ్లు ఎవరూ ఆపలేదు. వాళ్ల ముందున్నది నా కాగితం ఒక్కటే. ఆపించింది నేను.