మరాఠీ, రెండు పూటలా

పదవీ విరమణకు ముందు చివరి మూడేళ్లు నేను ఎల్లారెడ్డి దగ్గరి ఒక మండలంలో పశువైద్యాధికారిగా పనిచేశాను. కాగితం మీద హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. ఊళ్లలో మాత్రం బర్ల డాక్టర్. చేరిన రెండో ఏడు వానాకాలం మొదట్లో, ఒక బర్రె చేపడం లేదని ఫోన్ వచ్చింది. చేపడమంటే పొదుగులోని పాలను పశువు కిందికి విడవడం. పాలు లేకపోవడం వేరు, ఉండీ విడవకపోవడం వేరు. జనం రెండింటినీ కలిపి 'పాలిస్తలేదు' అంటారు. ఫోన్ చేసిన మనిషి మాత్రం 'చేపుతలేదు' అని కచ్చితంగా చెప్పింది.

ఆమె పేరు సురేఖ. మహారాష్ట్ర సరిహద్దులోని మద్నూర్ పిల్ల. పుట్టింటి భాష మరాఠీ. ఆ బర్రెను రెండు నెలల క్రితం ఆమె తండ్రే పంపించాడు. భర్త లారీ డ్రైవర్, నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఇంట్లో అత్త గంగవ్వ, సురేఖ కూతురు ఐదేళ్ల నిత్య.

నేను బండి దిగకముందే గంగవ్వ మందు కూడా చెప్పేసింది.

"ఒక్క సూదియ్యి సారూ. కాదంటే చెప్పు, ఐతారం అంగట్ల అమ్మేస్త."

సురేఖ మాత్రం బర్రె మెడ మీద చెయ్యి తీయలేదు.

ఆ సూది ఆక్సిటోసిన్. పశువు చేపడానికి దాని మెదడు నుంచి సహజంగా వచ్చే హార్మోనే అది. పాల కోసం రోజూ సూదితో ఎక్కించడం పశువుకు చేటు, చట్టానికీ విరుద్ధం. ఆ మాట చెప్పి పరీక్ష మొదలుపెట్టాను. జ్వరం లేదు. చన్నులకు పగుళ్లు లేవు. పొదుగువాపు పరీక్షలోనూ ఏమీ తేలలేదు. దూడ మూడో వారంలోనే చనిపోయిందట, కానీ ఆ తర్వాత నెల రోజులు సురేఖ చేతికి బాగానే చేపిందన్నారు. దాణా మారిందా, కొట్టం మారిందా, పిండే మనిషి మారిందా అని అడిగాను. అన్నింటికీ గంగవ్వ "లేదు" అంది.

"ఒకసారి పిండి చూపించమ్మా" అన్నాను సురేఖతో.

ఆమె పొదుగు కడిగి, చన్నులు నిమిరి, పిండడం మొదలుపెట్టింది. చెయ్యి తిరిగిన మనిషి. అయినా గిన్నెలో నాలుగు ధారలు కూడా పడలేదు. నన్ను ఆపింది ఆ నిశ్శబ్దం. నా సర్వీసులో నోరు మూసుకుని పాలు పిండిన మనిషిని నేను చూడలేదు. తిట్టేవాళ్లు తిడతారు, బుజ్జగించేవాళ్లు బుజ్జగిస్తారు.

"రోజూ ఇట్లనే పిండుతవా, మాట్లాడకుండ?"

ఆమె నా వైపు కాదు, అత్త వైపు చూసింది. జవాబు గంగవ్వే చెప్పింది. నిత్య బడిలో నీళ్లు మరాఠీలో అడుగుతోందని, ఇంట్లో ఒకే భాష మాట్లాడమని టీచరమ్మ చెప్పిందట. పది రోజులుగా ఆ ఇంట్లో, కొట్టంలో కూడా, మరాఠీ బంద్.

"నన్ను ఆజీ అంటది సారూ. మా ఇంట్ల పుట్టిన పిల్ల అవ్వ అనకుంట గదేం పిలుపు?"

నాకు ఆమె మీద కోపం రాలేదు. నేనూ కాలేజీలో నలుగురు నవ్వుతారని 'వచ్చిన', 'పోయిన' వదిలేసి 'వచ్చాను', 'వెళ్లాను' పట్టుకున్నవాణ్ణే. కామారెడ్డిలో మా బాపు నాతో మాట్లాడేటప్పుడు మాటలు వెతుక్కోవడం అప్పటి నుంచే మొదలైంది.

"బర్రెతోని మునుపు ఎట్ల మాట్లాడేదానివో అట్ల మాట్లాడు" అన్నాను.

సురేఖ గొంతు సవరించుకుంది. "యే గ బాయీ, పాన్హా సోడ్" అంది. రా తల్లీ, చేపు అని. రెండోసారి అనేసరికి బర్రె చెవులు వాల్చి నెమరు మొదలుపెట్టింది. కాసేపటికి చన్నులు నిండాయి, గిన్నెలో నురగ లేచింది.

గంగవ్వ గిన్నెలోకి చూసి, నన్ను చూసి, "బర్రెకు భాషేంది సారూ?" అంది.

పిండే మనిషి గొంతు, మాట, తాకిడి పశువుకు అలవాటవుతాయని, ఆ గుర్తు అందితేనే హార్మోన్ విడుదలవుతుందని చెప్పాను. ఆమె నమ్మినట్టు లేదు. దాంతో మందుల చీటీ తీసి, పిండేటప్పుడు మరాఠీ, రెండు పూటలా, మధ్యలో ఆపరాదు అని రాసి, సంతకం చేసి, ముద్ర కూడా వేశాను. అంత పెద్ద సంతకం నేను జీతం రిజిస్టర్‌లో కూడా చేయలేదు.

"ఎన్ని దినాలు?" అంది చీటీ అందుకుంటూ.

"వట్టిపోయేదాక." అంటే ఇంకో ఏడెనిమిది నెలలు.

"కోడలు ఊరికి పోతే?"

"నువ్వే అనాలె అవ్వా."

నెలన్నర తర్వాత గాలికుంటు టీకాలకు ఆ ఊరు వెళ్లాను. కొట్టంలో బర్రె కింద గంగవ్వ కూర్చుని "పానా సోడూ, పానా సోడూ" అంటోంది. పక్కన నిత్య చేతులు కట్టుకుని నిలబడి, "పానా కాదు ఆజీ, పాన్హా" అని దిద్దుతోంది. గంగవ్వ మళ్లీ అంది. ఆజీ అన్నందుకు మనవరాలిని ఏమీ అనలేదు. నన్ను చూసి, "బర్రె కోసం సారూ, తప్పుతదా" అంది.

చేతులు కడుక్కోవడానికి సురేఖ నీళ్లు తెచ్చింది. నీకు సంగతి ముందే తెలుసా అని మెల్లగా అడిగాను.

"తెలుసు సార్. నేను చెప్తే నాటకమంటరు. మీరు చెప్తే మందంటరు. అందుకే ఫోన్ చేసిన."

నీళ్లు పోయడం ఆపకుండానే చెప్పింది.

జబ్బు లేని చోట సూది వేయకూడదని కాలేజీలోనే చెప్పారు. ఇంట్లో ఒకరి నోరు మూయించి, ఆ లోటుకు మందడిగే కేసులుంటాయని మాత్రం ఎల్లారెడ్డి దగ్గర నేర్చుకున్నాను. ఆ తర్వాత పాలు తగ్గాయని ఎవరు వచ్చినా, మేత గురించి అడిగే ముందు, ఎవరు పిండుతున్నారు, ఏమంటూ పిండుతున్నారు అని అడిగాను.