పొయ్యి వెలగని గల్లీ

గద్వాల చీరలు కొనడానికి వచ్చిన ఒక అమెరికా ముసలాయనకు మాటలు తర్జుమా చేసిపెట్టడానికి విజయవాడ నుంచి ఆ ఊరు వెళ్లాను. దారి పొడవునా ఆయనది ఒకటే గోల. డెబ్బైల మొదట్లో వాళ్ల దేశం స్వర్గమట. చిల్లర డబ్బులకే కాఫీ, నీళ్లంత చవగ్గా పెట్రోలు, రోజూ సాయంత్రం టీవీలో కావలసినంత వినోదం. విని విని నా తల వాచిపోయింది.

మగ్గం ఇంట్లో లక్ష్మమ్మ చీరలు చూపించింది గానీ చాయ్ ఇవ్వలేదు. ఈయన సిగ్గులేకుండా కాఫీ అడిగించాడు.

"ఏమనుకోకుండ్రి. మూడిండ్ల అవతల పెద్దాయన పోయిండు. పీనుగ లేచేదాక ఈ గల్లీల ఎవ్వరం పొయ్యి ముట్టియ్యం. ఆయనకు, మాకు మాటల్లేవు. అయినా గంతే" అందామె.

అది నేను ఇంగ్లీషులో చెప్పగానే ఆయన నవ్వాడు. ఆ రోజుల్లో తమ ఇంట్లో భోజనం టీవీ ముందేనట. వార్తల్లో వియత్నాం శవాలు చూస్తూనే అమ్మ వడ్డించిన మాంసం, బంగాళాదుంపలు తినేవారట. ఎవరికీ ఆకలి చావలేదని గొప్పగా చెప్పుకున్నాడు.

లక్ష్మమ్మ చీర మడతపెట్టడం ఆపింది. "గా పీనుగలు లేచినంకనన్న తిన్నరా, లేకుంటే గట్లనే తిన్నరా?"

దానికి ఆయన జవాబు ఇది: "వార్తల తర్వాత హాస్య కార్యక్రమం వచ్చేది. అది మాత్రం ఏ రోజూ వదల్లేదు."

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె చీరలన్నీ బీరువాలో పెట్టేసింది.

"బస్టాండు కాడ హోటలున్నది, సారును తోల్కపో తమ్మీ. గాడ టీవీ గూడ ఉంటది."