కొండదారికి సన్న టైర్లు

జీపు మళ్లీ దిగబడిందన్న కబురు నాకు మొదట తెచ్చింది నర్సు సుగుణమ్మ గారు. నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, జూలై నెల. రాజమండ్రిలో ఒక మిషన్ ఆసుపత్రికి నేను స్టోర్స్ ఇన్‌ఛార్జిని. దూది దగ్గర్నుంచి జీపు టైర్ల దాకా ఏది కొన్నా నా సంతకం ఉండాలి. ఆవిడ మోకాళ్ల దాకా ఎర్రమట్టితో వచ్చి, పోలవరం పైన కొండదారిలో జీపు ఆగిపోతే ఆరు కిలోమీటర్లు నడిచి పైనున్న ఊరు చేరానని చెప్పారు. అక్కడ బుచ్చమ్మ అనే ఆమెకు నెలాఖరుకి కాన్పు. మొదటిది ఆపరేషను.

"జీపు పైకి రాకపోతే డోలీ కట్టి దింపాలండి. అంతసేపు ఆగే కేసు కాదు," అన్నారు.

ఆ టైర్లు కిందటేడు నేను కొన్నవే. డ్రైవరు యేసోబు గారిది కోనసీమ. వరిచేల దమ్ములో పెరిగిన మనిషి. బురదంటే ఆయనకీ నాకూ తెలిసింది ఒక్కటే, అడుగు దొరకని బురద. వెడల్పుంటే తేలుతుందని వెడల్పువే వేయించాము.

నేను బడికి వెళ్లి చదవలేదు. నాన్నగారు ఇంట్లోనే చదువు చెప్పి పరీక్షలు కట్టించారు. కంటితో చూడనిది కాగితం మీద పెట్టొద్దనేవారు. అందుకని కొత్త టైర్లకి ఇండెంటు రాసే ముందు ప్రార్థన చేసుకుని ఆ దారికి వెళ్లాను. జీపు దిగబడిన చోట గొడుగు గుచ్చాను. జానెడు దిగి టక్కున ఆగింది. పది చోట్ల గుచ్చినా అంతే. కింద గట్టి గ్రావెల్. వెడల్పు టైరు, పైనున్న జారుడు మట్టి మీద తేలుతోంది గాని అడుగుకి అందడం లేదు. టైరు మీది దగ్గరదగ్గర గాట్లు మట్టితో పూడి నున్నగా అయిపోయాయి. పైగా దారి అంచుల్లోని వెదురు మోళ్లు గీసుకున్న గుర్తులు టైర్ల పక్కల నిండా.

ఈసారి సన్న టైర్లు రాశాను: లోతుగా, ఎడంగా ఉన్న గాట్లు, పక్కల్లో ఎక్కువ పొరలు.

"జీపుకా, సైకిలుకా అండి?" అన్నాడు టైర్ల షాపాయన. యేసోబు గారు తల తిప్పుకున్నారు. మళ్లీ దిగబడితే బాధ్యత ఎవరిదని సూపరింటెండెంట్ గారు అడిగారు. నాదని రాసి సంతకం పెట్టాను.

నెలాఖరున ముసురు పట్టింది. ఊరి నుంచి ఫోను రాగానే సుగుణమ్మ గారితో నేనూ జీపెక్కాను. కొండ మొదట్లో, రాళ్ల మీద పట్టు కోసం, టైర్లలో గాలి ముప్పై రెండు పౌన్ల నుంచి ఇరవై రెండుకి దింపించాను. యేసోబు గారికి అదీ నచ్చలేదు. అంతకుముందు దిగబడ్డ చోటికి రాగానే చక్రం కుంగింది. ఆయన కాలు బ్రేకు మీదికి పోయింది.

"ఆపకండి. కింద అడుగుంది," అన్నాను.

గ్రావెల్ కరకరమంది. బండి ఎక్కింది. బుచ్చమ్మ మా ఆసుపత్రిలో ఆడపిల్లను కన్నది. దేవునికి స్తోత్రం.

ఆ టైర్లు తారురోడ్డు మీద హోరుమనేవి, తడిలో బ్రేకు ఆలస్యంగా పట్టేది. వానలు పోగానే విప్పి దాచేవాళ్లం. నేను నేర్చుకున్నది ఇంతే: టైరు నేలను బట్టి కొనాలి, ఆ నేలను షాపులో కూర్చుని తెలుసుకోలేము.

టైర్ల మాట వస్తే ఆసుపత్రిలో నన్ను తలుస్తారు. కాని నర్సు గారు ఆ బురదలో నడిచి వచ్చి చెప్పకపోతే నేను గొడుగు పట్టుకుని బయల్దేరేదాన్ని కాదు. చదివినవారు సుగుణమ్మ గారిని ఒకసారి తలచుకోండి.